ముందు జరుపు, తర్వాత సాగదీయి

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

గోదావరిలో భద్రాచలం నీటిమట్టం గీతను, దిగువనున్న ధవళేశ్వరం ప్రవాహం గీత మీద కూర్చోబెట్టలేక మూడు రోజులుగా తంటాలు పడుతున్నావని మీ నాన్న చెప్పాడు. దీనికి వేరే ప్రోగ్రాము కొనాలా అని కూడా అడిగావట. అక్కరలేదు. డేటా మన డేటాబేస్ ప్రోగ్రాము పోస్ట్‌గ్రెస్‌లోనే ఉంది కదా, పని అక్కడే అయిపోతుంది.

డేటాబేస్‌ను అడగడానికి నువ్వు రాసి పంపిన క్వెరీ చూశాను. రెండు టేబుళ్లనూ ఒకే గంట మీద కలిపి, అంటే జాయిన్ చేసి, గుణకం కోసం వెతుకుతున్నావు. భద్రాచలం దగ్గర ఈ గంటలో ఉన్న వరద ఈ గంటలోనే ధవళేశ్వరం ఎలా చేరుతుంది, తల్లీ? ముందు గీతను గంటల్లో జరపాలి, గుణకంతో సాగదీయడం ఆ తర్వాత.

జనరేట్ సిరీస్ ఫంక్షన్‌తో 0 నుంచి 96 వరకు గంటల వరుస తయారు చేసుకో. భద్రాచలం సమయానికి ఆ గంటలు కలిపితే ధవళేశ్వరం సమయం రావాలి, జాయిన్ షరతు అదే. తర్వాత ఒక్కో జరుపు గంటకు విడిగా లెక్క వచ్చేలా గ్రూప్ బై పెట్టి రెగ్ర్ స్లోప్ (గుణకం), రెగ్ర్ ఇంటర్సెప్ట్ (కలపాల్సిన సంఖ్య), రెగ్ర్ ఆర్2 (గీత ఎంత బాగా అతికిందో, 1కి దగ్గరైతే మేలు) తీసుకో. ఈ ఫంక్షన్లలో ధవళేశ్వరం ముందు రాయాలి, భద్రాచలం తర్వాత. తిరగేసి రాస్తే తప్పని చెప్పవు, స్లోప్, ఇంటర్సెప్ట్ వేరే సంఖ్య ఇచ్చి ఊరుకుంటాయి.

పక్కనే వరుసల లెక్క కూడా పెట్టు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పెట్టలేదు. జరిపిన కొద్దీ రెండు గీతలూ కలిసే భాగం కుదించుకుపోయి, నాలుగే వరుసలు మిగిలిన చోట గీతల మధ్య తేడా అతి తక్కువ వచ్చింది. అదే సమాధానమని గ్రాఫు అచ్చు వేయించి మా పై అధికారి బల్ల మీద పెట్టాను. ఆయన ఏమీ అనలేదు. నాలుగు చుక్కలనూ పెన్సిలుతో ఒక్కొక్కటిగా లెక్కపెట్టి కాగితం తిరిగి ఇచ్చేశారు. అందుకే ధవళేశ్వరం వరుసలను ముందే బిగించు: 96 గంటల వెనక్కు వెళ్లినా భద్రాచలం రికార్డు దొరికేవే తీసుకో. అప్పుడు ప్రతి జరుపూ దాదాపు అవే వరుసల మీద పోటీ పడుతుంది.

రికార్డు లేని గంటలను ఖాళీగా వదిలెయ్యి, ఆ ఫంక్షన్లే వాటిని దాటేస్తాయి. సున్నా నింపావో, మొదటి హెచ్చరిక 43 అడుగులు దాటిన నది గంటలో ఎండిపోయి మళ్లీ లేచినట్లు కనిపిస్తుంది. ఒక టేబుల్ మన సమయంలోనూ ఇంకొకటి గ్రీనిచ్ సమయంలోనూ ఉందేమో కూడా చూడు. రెండింటికీ తేడా అయిదున్నర గంటలు, అందులోని అర గంట వల్ల జాయిన్‌లో ఒక్క వరుసా రాదు.

ఇంకో చిక్కు ఉంది. ఒకటి అడుగుల్లో, ఇంకొకటి క్యూసెక్కుల్లో. మట్టం పైకి వెళ్లే కొద్దీ ఒక్కో అడుగూ మోసే నీరు పెరుగుతుంది కనుక తిన్నని గీత పైభాగంలో తప్పుతుంది. 2022 జులైలో 71.3 అడుగులకు చేరిన రోజుల్లో ఇది బాగా తెలుస్తుంది. ప్రవాహం ఆగిపోయే మట్టాన్ని తీసేసి, రెండు వైపులా లాగరిథం వేసి మళ్లీ నడుపు.

అప్పటికీ కొన్ని రోజులు అతకవు. క్వెరీని తిట్టుకోకు. భద్రాచలం దిగువన కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది, దాని వరద నీ మొదటి గీతలో లేదు. శబరి మట్టాలు దొరికితే మూడో టేబుల్‌గా చేర్చు. రెగ్ర్ ఫంక్షన్లు ఒక్క ఆధారాన్నే మోస్తాయి కాబట్టి, అప్పుడు లబ్ధాల మొత్తాలు తీసుకుని సమీకరణాలు మనమే సాధించాలి. ఆదివారం మధ్యాహ్నం ఫోను చెయ్యి, కాగితం మీద వేసి చూపిస్తాను.

మీ పెద్దనాన్న