మెట్ల అధ్యాయం ఎందుకు తీసేశావు?

అమ్మా,

గోపురంలో బందీగా పెరిగి, పొడవాటి జుట్టును తాడులా కిందికి వదిలే రపంజెల్ అనే పిల్ల కథను తిరగరాస్తున్న నీ నవల రెండో డ్రాఫ్ట్ చదవడం రాత్రి పూర్తి చేశాను. సరిగా నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, నా వయసుకి అదే సులువు. వచనం బాగుంది, మాటలు బాగా పలికాయి. ఆ సంగతి నీకూ తెలుసు కాబట్టి అక్కడ ఆగను. నాకు ఒకటే కోపం. తొమ్మిదో అధ్యాయం ఏమైంది?

మొదటి డ్రాఫ్ట్‌లో అది ఉంది. బంధించిన మంత్రగత్తే రపంజెల్ జుట్టు కత్తిరించి అడవిలో వదిలేశాక, వాన పడుతుంటే ఆ పిల్ల ఒక పాడుబడ్డ ఇంటి మేడ మీదికి చీకట్లో పాక్కుంటూ ఎక్కి పడుకుంటుంది. తెల్లారాక దిగాలి. దిగలేదు. ఆమెను 12వ ఏట మెట్లూ తలుపూ లేని గోపురంలో పెట్టారు, అప్పట్నుంచి మెట్టు అన్నది ఆ కాళ్లు ఎరగవు. పైగా కడుపులో కవలలు, వంగినా పాదాలు కనపడవు. చివరికి కూర్చుని, రెండు చేతులూ వెనక ఆనించి, ఒక్కో మెట్టూ జరుగుతూ దిగుతుంది. 11 మెట్లు, నాలుగు పేజీలు. ఈ కథ చిన్నప్పట్నుంచి ఎన్ని రకాలుగా చదివానో నాకే లెక్క లేదు, కానీ ఆ పిల్లకు కాళ్లున్నాయని ఒక్కసారీ తట్టలేదు. అందరం జుట్టే చూశాం. నువ్వు కాళ్లు చూశావు. అది చదివాక పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను.

రెండో డ్రాఫ్ట్‌లో ఆ నాలుగు పేజీలు లేవు. ఆ చోట మంత్రగత్తె చిన్నతనం మీద మూడు అధ్యాయాలు వచ్చి కూర్చున్నాయి. ఎందుకా అని చూస్తే నువ్వు పంపిన పట్టికలో జవాబు దొరికింది. 43 మంది పాఠకుల అభిప్రాయాలు, పక్కన స్టార్లు, అడుగున సగటు. తొమ్మిదో అధ్యాయం ల్యాగ్ అన్నవాళ్లు ఆరుగురు. మంత్రగత్తె ఎందుకలా అయిందో చెప్పలేదు, కనెక్ట్ కాలేకపోయాం అన్నవాళ్లు 14 మంది. ఇది అసలు కథలా లేదు అన్నవాళ్లు తొమ్మిది మంది. నువ్వు వరసగా టిక్కులు పెట్టుకుంటూ వద్దన్నది తీసేశావు, కావాలన్నది చేర్చావు. ఇవి ఓట్లు కావు తల్లీ.

ముందు ఆ 'అసలు కథ' సంగతి చూద్దాం. జర్మనీలో జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరులు 1812లో అచ్చు వేయకముందే ఇది ఎన్నో చేతులు మారింది. 1634లో ఇటలీలో వచ్చిన బాసిలే పుస్తకంలో ఆ మంత్రగత్తె ఒక రాక్షసి, చివర్లో తోడేలు దాన్ని మింగేస్తుంది. 1690ల చివర్లో ఫ్రాన్సులో ద లా ఫోర్స్ అనే ఆవిడ రాసినప్పుడు రాక్షసి కాస్తా దేవకన్య అయింది, కోపం తీరి చివర్లో మనసు మార్చుకుంది. గ్రిమ్ మొదటి ముద్రణలోనూ దేవకన్యే, ఆ తర్వాతే మంత్రగత్తె అయింది. ఒకే మనిషికి ఇన్ని వేషాలు. ఇంతమంది చెప్పారు గానీ, ఆమె చిన్నప్పుడు ఎవరు ఏడిపించారో వీళ్లలో ఒక్కరూ చెప్పలేదు. చెప్పడం చేతకాక కాదు. కథ ఆ పిల్లది.

ఈమధ్య ఇదొక ఫ్యాషన్ అయిపోయింది. దుర్మార్గం చేసినవాడు కనపడితే చాలు, వాడికి ఒక ఫ్లాష్‌బ్యాక్, అందులో ఒక దెబ్బ, ఒక కన్నీటి బొట్టు. చదివేవాడికి భయం పోయి జాలి వస్తుంది. ఇదంతా పిల్లను కొన్నేళ్లపాటు బంధించిన మనిషి మీద! నీ నవలలో ఆ మూడు అధ్యాయాలు చదువుతున్నంతసేపూ రపంజెల్ పైన ఒంటరిగా కూర్చునే ఉంది, నువ్వు మాత్రం కింద మంత్రగత్తెను ఓదారుస్తున్నావు. నాకు అది భరించడం కష్టమైంది.

అభిప్రాయాలకు తలొగ్గితే ఏమవుతుందో ఇదే కథలో ఉంది. 1812 ముద్రణలో రపంజెల్ ఒకరోజు అమాయకంగా అడుగుతుంది, నా బట్టలు ఎందుకిలా బిగుసుకుపోతున్నాయి, ఒంటికి పట్టడం లేదు అని. దాంతో ఒక రాకుమారుడు రహస్యంగా గోపురం ఎక్కి వస్తున్నాడనీ, ఈమె కడుపుతో ఉందనీ ముసలిదానికి తెలిసిపోతుంది. ఆ మాటలో ఎంత ఉందో చూడు. తన ఒంట్లో ఏం జరుగుతోందో తనకే తెలియనంతగా పెంచారు ఆ పిల్లని. పుస్తకం పిల్లలకు తగినట్టు లేదని అప్పట్లో గొణుగుడు వచ్చింది. తర్వాతి ముద్రణల్లో విల్‌హెల్మ్ గ్రిమ్ దాన్ని మార్చేశాడు. ఇప్పుడు ఆమె ఏమంటుందంటే, రాకుమారుడి కన్నా నిన్ను పైకి లాగడమే బరువు అంటుంది. ఒక్క వాక్యం మారింది, అంతే, అమాయకురాలు తెలివితక్కువది అయిపోయింది. కవలలు మాత్రం చివర్లో అలాగే ఉండిపోయారు. 1857లో వచ్చిన ఆఖరి ముద్రణలోనూ ఆ బరువు మాటే ఉంది, ఎక్కువమంది చదివేదీ అదే.

నేనూ ఆ తప్పు చేశాను. దాదాపు ముప్పై ఏళ్ల కింద ఒక వారపత్రికకు సిండ్రెల్లా కథను సీరియల్‌గా రాశాను. గ్రిమ్ కథలో చెప్పు పట్టడం కోసం సవతి తల్లి కూతుళ్లలో అక్క బొటనవేలు కోసుకుంటుంది, చెల్లెలు మడమ కోసుకుంటుంది. కత్తి చేతికిచ్చేది తల్లి. రాణివయ్యాక నడవాల్సిన పని ఏముంది అని ధైర్యం చెప్పేదీ తల్లే. నేను ఆ మడమ కోసుకున్న చెల్లెలి వైపు నుంచి రాశాను. పెళ్లయిపోయింది, ఊరేగింపు వెళ్లిపోయింది, ఈమె కుంటుకుంటూ ఇల్లు చేరింది, అక్కడ మొదలు. నాలుగు వారాలు వచ్చాక ఉత్తరాలు మొదలయ్యాయి. గాజు చెప్పు ఏది, గుమ్మడికాయ బండి ఏది, ఈ రక్తం ఏమిటి అని. ఎడిటర్ పిలిపించి ఆ ఉత్తరాల కట్ట బల్ల మీద పెట్టాడు. ఇంటిల్లిపాదీ చదివే పత్రిక, కత్తి తీసెయ్ అన్నాడు. గాజు చెప్పూ గుమ్మడికాయా ఫ్రెంచి రచయిత పెరో 1697లో రాసిన కథలోవి, అందులో ఎవరూ కాళ్లు కోసుకోరు, అక్కచెల్లెళ్లను క్షమించి పెళ్లిళ్లు కూడా చేసేస్తారు, ఈ రెండూ కలవవు సార్ అని చెప్పాను. ఆయన వినలేదు. ఆ సీరియల్ ఆగిపోతే నాకు రాబడి లేదు, తలూపాను. కత్తి పోయింది. కత్తి పోయాక ఆ చెల్లెలు ఊరికే చిరాకు మనిషిగా మిగిలింది. 20 వారాలు అనుకున్నది 14 వారాలకు ముగించారు. ఆ చివరి వారాల్లో ఒక్క ఉత్తరం రాలేదు, తిట్టడానికి కూడా.

ఆ కట్టలో ఒక కార్డు మాత్రం ఇప్పటికీ నా దగ్గరుంది. కింద పేరు లేదు. 'కత్తి ఇచ్చిన రాత్రి ఆ తల్లికి నిద్ర పట్టిందా?' అంతే రాసి ఉంది. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని రాసి ఉంటే నవల ఎక్కడికో వెళ్లేది. అప్పుడు నేను బాగుంది, బాగాలేదు అన్న మాటలే వెతుక్కుంటున్నాను, ప్రశ్న కంటికి ఆనలేదు.

నీ పట్టికలో అలాంటిది ఉంది. 31వ వరస. రెండు స్టార్లు ఇచ్చి, సగంలో ఆపేశానని ఒప్పుకుని, చివర అడిగారు: 'వాళ్ల అమ్మానాన్నలు మళ్లీ రాలేదేంటి? వెతకలేదా?' నువ్వు దాని పక్క గడిలో 'అవసరం లేదు' అని రాసుకున్నావు. నాకు గుండె కలుక్కుమంది. ఆ ముసలిదాని తోటలో ఆకుకూర కోసం పుట్టబోయే బిడ్డను ఇచ్చేస్తానని తండ్రి మాటిచ్చాడు. పుట్టగానే ఆమె వచ్చి తీసుకెళ్లింది. అంతే, గ్రిమ్ కథలో ఆ తల్లిదండ్రుల మాట మళ్లీ రాదు. 43 మందిలో ఒక్కరే ఆ ఖాళీలో వేలు పెట్టారు, అదీ పుస్తకం నచ్చనివాళ్లు. స్టార్లు చూసి నువ్వు దాటేశావు.

ల్యాగ్ అన్న ఆరుగురిని కొట్టిపారేయమని నేను చెప్పను. వాళ్లకు విసుగొచ్చిన మాట నిజం, అబద్ధం చెప్పాల్సిన అవసరం వాళ్లకేముంది? ఎక్కడ విసుగొచ్చిందో పాఠకుడు సరిగ్గానే చెప్తాడు, ఎందుకొచ్చిందో చాలాసార్లు చెప్పలేడు. అది మనం వెతుక్కోవాలి. నేను రెండు డ్రాఫ్టులూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఎనిమిదో అధ్యాయంలో ఆ పిల్ల ఏడు రోజులు నడుస్తుంది, ఏడు రోజులూ రాశావు, ముళ్లు, ఆకలి, వాగు, మళ్లీ ముళ్లు. అది దాటి వచ్చేసరికి చదివేవాళ్ల కాళ్లు పీక్కుపోతున్నాయి, వెంటనే 11 మెట్లు దిగమంటే ఎవరు దిగుతారు? ఏడు రోజుల్నీ ఒక పేరా చెయ్. వాగు ఒక్కటి ఉంచు. మెట్ల అధ్యాయంలో మాత్రం అక్షరం ముట్టుకోకు.

ముఖచిత్రం, కలం పేరు, ప్రచురణకర్తల గురించి అడిగావు. ఇప్పుడు వాటి మీద మనసు పోవడం లేదు.

ఒక్కటి అడుగుతాను. పదకొండో మెట్టు దిగి నేల మీద నిలబడ్డాక రపంజెల్ రాకుమారుడి కోసం బయల్దేరుతుంది, మొదటి డ్రాఫ్ట్‌లో అలా రాశావు. ఆ క్షణంలో ఆమెకు తన పుట్టిల్లు అన్న ఆలోచన రాదా? అసలు తనకొకటి ఉందని ఆమెకు ఎవరైనా చెప్పారా? ఆ ఇంటి వెనక కిటికీలోంచే కదా తల్లి ఆ తోటను చూసి మనసు పడింది, కథంతా అక్కడే కదా మొదలైంది. బిడ్డను తీసుకెళ్లాక ఆ తల్లి ఆ కిటికీ తెరిచిందా, మేకులు కొట్టి మూయించిందా? నువ్వు ఎలా రాస్తావో నాకు తెలియదు. ఫ్లాష్‌బ్యాక్ మాత్రం వద్దు.

ఈసారి ప్రింట్ తీసి పంపు, స్క్రీన్ మీద చదివితే కళ్లు లాగుతున్నాయి. పట్టిక పంపొద్దు, ఆ 31వ వరస ఒక్కటి కాగితం మీద రాసి మొదటి పేజీకి పిన్ను పెట్టు.