బాకీ వసూలుకు పోతున్న మేనకోడలికి

బిడ్డా,

సరుకు డబ్బు ఇవ్వని ఆ హైదరాబాద్ వ్యాపారి మీద కోర్టులో దావా వెయ్యకుండా, రాజీతో తేల్చే లోక్ అదాలత్‌కు పోతానన్నావట, అదీ ఒక్కదానివే. మీ అమ్మ ఫోన్‌లో చెబుతుంటే సంతోషమైంది, వెంటనే గుండెల్లో దడ కూడా మొదలైంది. వరంగల్ కొత్తవాడలో మన ఇంట్లో తరాలుగా జంపఖానాలు నేయించి అమ్ముతున్నారు. బాకీ అడగడానికి మొహమాటపడని మొదటి మనిషివి నువ్వే.

పోవడం పెద్ద పనేం కాదు. హనుమకొండ అదాలత్ సెంటర్ దగ్గర కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. కాగితం మీద అర్జీ రాసి, బిల్లుల జిరాక్సులు జతచేసి ఇస్తే ప్రీ లిటిగేషన్, అంటే ఇంకా దావా వెయ్యని కేసు కింద తీసుకుంటారు. ఫీజు లేదు. అవతలివాళ్లకు నోటీసు వాళ్లే పంపుతారు. వకీలు కావాలనిపిస్తే అక్కడే అడుగు, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా ఇస్తారు.

కానీ అతను రాకపోతే? వచ్చినా ఒప్పుకోకపోతే? లోక్ అదాలత్ ఎవరి మీదా తీర్పు రుద్దదు, ఇద్దరూ ఒప్పుకుంటేనే అవార్డు, అంటే రాజీ ఉత్తర్వు, ఇస్తుంది. అతను "ఇంకో నెల ఆగమ్మా" అంటాడు, నువ్వు ఆగుతావు. నా భయమంతా అక్కడే.

మీ నాయిన ఒక షాపు ఆయనకు సరుకు ఉద్దెర ఇచ్చాడు. ఆయన పండగకు కొంత, పెళ్లిళ్ల సీజన్ అయ్యాక కొంత చేతిలో పెట్టేవాడు. మీ నాయిన అవన్నీ జేబు డైరీలో తన చేత్తోనే రాసుకునేవాడు. తర్వాత ఆ కాస్త ఇవ్వడం కూడా ఆగింది. పెద్దమనుషులు కూర్చున్నారు, చాయ్ తాగారు, దసరా తర్వాత మొత్తం ఇస్తానని మాట తీసుకున్నారు. దసరా పోయింది, సంక్రాంతి అన్నారు. మాటలు నడుస్తున్నాయి కదా, కోర్టుకెక్కితే సంబంధం చెడుతుందని మీ నాయిన ఊరుకున్నాడు. వకీలు దగ్గరికి పోయేసరికి సరుకు ఇచ్చి మూడేళ్లు దాటిపోయింది. అమ్మిన సరుకు డబ్బుకు దావా వేసే గడువు మూడేళ్లే. ఉద్దెరకు తేదీ పెట్టుకోకపోతే సరుకు అందిన రోజు నుంచే లెక్క. పంచాయితీలు జరిగిన కాలాన్ని అందులోంచి ఎవరూ మినహాయించరు. మధ్యలో ఇచ్చిన డబ్బుకు ఆ షాపు ఆయన చేతిరాత గానీ సంతకం గానీ గడువులోపల ఒక్కటి ఉన్నా, అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు వచ్చేవి. "ఇంత బాకీ ఉన్నాను" అని కాగితం మీద సంతకం చేసినా సరిపోయేది. ఉన్నదల్లా మీ నాయిన డైరీ!

అప్పుడు నేను కోర్టులోనే పనిచేస్తున్నాను. రోజూ ఇలాంటి ఫైళ్ల మధ్యే కూర్చునేదాన్ని. ఒక్క మాట అడగలేదు నన్ను. అక్కను అడిగితే చిన్నతనమనుకున్నాడేమో. ఆ ఏడాదే రెండు మగ్గాలు అమ్మేశాడు. నీకు తెలియదులే, మగ్గం తీసేసిన చోట అట్టపెట్టెలతో ఇల్లు కట్టుకుని ఆడుకునేదానివి.

అందుకే ఇవ్వాళే మొదటి బిల్లు తేదీ చూడు. రెండున్నరేళ్లు దాటి ఉంటే ముందు దావా వెయ్యి. దావా నడుస్తుండగా కూడా లోక్ అదాలత్‌కు పోవచ్చు, రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కొస్తుంది.

సరుకు పంపేనాటికే నీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అదే చిన్న పరిశ్రమగా నమోదు, ఉందా? ఉంటే నాకు ఇంకో దారి ఎక్కువ నచ్చుతుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) చట్టం ప్రకారం చిన్న ఉత్పత్తిదారుకు ఎన్ని రోజుల ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు ఇచ్చెయ్యాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ. ఈ బాకీల తగాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్ మొదట రాజీకి చూస్తుంది, కుదరకపోతే ఆర్బిట్రేషన్‌కు, అంటే మధ్యవర్తి తీర్పుకు పోతుంది. ఆ అవార్డును కొట్టేయించాలంటే అతను అందులో 75 శాతం ముందే డిపాజిట్ చెయ్యాలి. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, దాని మీద మాత్రం ఆశ పెట్టుకోకు.

రాజీ కుదిరితే గబుక్కున సంతకం పెట్టకు. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. వాయిదాల తేదీలు రాయించు. ఒక్క వాయిదా తప్పినా మిగిలినదంతా వడ్డీతో ఒకేసారి కట్టాలని రాయించు. "వీలైనంత త్వరగా" అంటే ఒప్పుకోకు. అలా రాసుకున్నవాళ్లు తర్వాత వసూలు పిటిషన్ వెయ్యడానికి వచ్చి, ఏ తేదీకి తప్పినట్టో చెప్పలేక నిలబడేవాళ్లు. బెంచి మీద జడ్జిగారు ఉన్నారు, వెనక జనం ఉన్నారు అని కంగారుపడకు. చదివి వినిపించమను. నువ్వూ మీ నాయినలాగే, ఎదుటివాళ్లు మొహం చిన్నబుచ్చుకుంటే కరిగిపోతావు. వడ్డీ వదులుకుంటే వదులుకో బిడ్డా, అసలు మాత్రం వదలకు.

ఆదివారం బిల్లులు, ట్రాన్స్‌పోర్ట్ రసీదులు పట్టుకుని మా ఇంటికి రా. "వచ్చే నెల ఇస్తా" అని వాట్సాప్‌లో అతను పెట్టిన మెసేజీలు ఒక్కటీ తీసెయ్యకు. అప్పటిదాకా అతనికి ఫోన్ చేసి మన ఆలోచన బయటపెట్టకు. ఎండ బాగా ఉంది, బండి మీద కాదు, ఆటోలో రా.

నీ మేనత్త