పర్లాకిమిడి కథల నడక: ఆడియో తప్పు చోట మోగుతుంటే

తమ్ముడూ, స్టేషన్ నుంచి కోట దాకా నడుస్తూ వినేలా నువ్వు పెట్టిన కథల్లో గిడుగు రామమూర్తి గారి కథ రెండిళ్ల ముందే మొదలవుతోందనీ, ఒక్కోసారి అసలు మోగట్లేదనీ రాశావు. టెన్షన్ పడకు, యాప్ పాడవలేదు. ఆరుబయట కూడా ఫోన్ జీపీఎస్ సుమారు 5 మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. ఇరుకు సందులో సిగ్నల్ గోడలకు కొట్టుకుని వస్తుంది కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది. మనిషి లోపలికి రాగానే కథ మోగేలా యాప్ మ్యాప్‌లో నువ్వు గీసిన 8 మీటర్ల వలయం చాలదు. 30 చెయ్యి, పక్క కథ వలయం మీద పడకుండా చూసుకో. మరీ ఇరుకైతే ఇంటివాళ్లను అడిగి అరుగు పక్కన క్యూఆర్ కోడ్ అంటించు. ఆడియో ముందే డౌన్‌లోడ్ అయ్యేలా పెట్టు.

ఇంకో మాట. 1900లో నౌపడా నుంచి వచ్చిన చిన్న రైలు కథ స్టేషన్ దగ్గరే వినిపించాలి, అక్కడే దానికి అందం. మన ఊరు ఒడిశాలో ఉంది కాబట్టి మన పిల్లలు చాలామంది బడిలో ఒడియా చదువుతున్నారు. తెలుగు చదవలేకపోయినా వింటే అర్థమవుతుంది. అందుకే తెర మీద రాత తగ్గించు. పశువుల కొమ్ములతో బొమ్మలు చేసే వీధిలో రికార్డు చేసేటప్పుడు వెనక వినిపించే ఆకురాయి గరగరను మాత్రం దయచేసి తీసెయ్యకు.