పురుటి గదిలో పక్కనెవరు, చేయాల్సిందేమిటి?

ప్రశ్న: మా బిడ్డకు తొలిచూలు. తొమ్మిదో నెల. మొన్న రాత్రి నొప్పులంటే ఆటో మాట్లాడుకుని దవాఖానకు పోతే ‘ఇంకా టైముంది’ అని తిప్పి పంపిన్రు. అసలు నొప్పులని ఎట్ల తెలుస్తది?
— ఒక తల్లి, జగిత్యాల జిల్లా

జవాబు: తిప్పి పంపడం తప్పు కాదమ్మా. మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పకుండా పంపడమే తప్పు.

దొంగనొప్పులకు ఒక వరస ఉండదు. ఒకటి పది నిమిషాలకొస్తే ఇంకొకటి అరగంటకొస్తుంది. కాసేపు అటూ ఇటూ నడిచినా, గోరువెచ్చని నీళ్లు పోసుకున్నా సర్దుకుంటాయి. అసలు నొప్పి చాలామందికి నడుములో మొదలై పొత్తికడుపు చుట్టూ తిరిగి వస్తుంది. నడిచినా పడుకున్నా పోదు, ఎడం తగ్గుతూ బలం పెరుగుతూ ఉంటుంది. పొట్ట మీద చెయ్యి ఆనించి చూడండి: గట్టి నొప్పిలో పొట్ట నుదురంత గట్టిగా తగులుతుంది, వేలితో నొక్కినా లొత్తపడదు. గడియారం దగ్గర పెట్టుకుని, ఒక నొప్పి మొదలైనప్పటి నుంచి తర్వాతిది మొదలయ్యేదాకా లెక్కపెట్టండి. ఐదేసి నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు ఇదే వరస నడిస్తే బయల్దేరండి. దవాఖాన దూరమైతే, లేదా మలికాన్పయితే అంతసేపు ఆగొద్దు.

వీటికైతే నొప్పుల లెక్క అక్కర్లేదు, వెంటనే 108కి ఫోన్ చేయండి: ఉమ్మనీరు పోవడం (ఆకుపచ్చగా ఉంటే మరీ తొందర), బట్ట తడిసేంత రక్తం, బిడ్డ కదలిక తగ్గడం, తీవ్రమైన తలనొప్పితో కళ్లు మసకలు కమ్మడం, ఫిట్స్. జిగురులో ఎర్రటి చార కనబడితే మాత్రం కంగారు పడొద్దు, నొప్పులు దగ్గర పడుతున్నాయన్నమాట.

ప్రశ్న: నొప్పుల సమయంలో నా భార్య పక్కన ఉండాలనుకుంటున్నాను. ప్రభుత్వాసుపత్రిలో ఒప్పుకుంటారా? ఉంటే నేనేం చేయాలి?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ప్రభుత్వాసుపత్రుల్లో కూడా కాన్పు గదిలో తోడుగా ఒకరిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. తాను కని ఉన్న ఆడమనిషి అయితే మేలని, ఇతర తల్లులకు చాటు ఉండే ఏర్పాటున్న చోట భర్తనూ అనుమతించవచ్చని అందులో ఉంది. నొప్పులొచ్చాక గుమ్మం దగ్గర వాదించేకన్నా చెకప్‌కు వెళ్లినప్పుడే అడిగి పెట్టుకోండి. మీకు వీలు కాకపోతే వాళ్లమ్మో, అక్కో ఉండేలా చూడండి.

లోపల మీ పని ధైర్యం చెప్పడం ఒక్కటే కాదు. చేతులకూ పనుంది. నడుం కింద, పిరుదులు విడిపోయే చోటికి కాస్త పైన పలకలాంటి ఎముక తగులుతుంది. ఆమెను మంచం పట్టుకునో గోడకానుకునో ముందుకు వంగి నిలబడమనండి. నొప్పి మొదలవగానే మణికట్టు దగ్గరి అరచేతి భాగాన్ని ఆ ఎముక మీద ఆనించి నొక్కండి, నొప్పి దిగేదాకా తీయకండి. రుద్దొద్దు, చర్మం మండుతుంది. చేతి కండల బలంతో నొక్కితే పది నొప్పులకే మీ చెయ్యి పడిపోతుంది. మోచెయ్యి చాపి ఒంటి బరువు వాల్చండి. ఎంత గట్టిగా నొక్కాలో ఆమెనే చెప్పనివ్వండి.

నొప్పికీ నొప్పికీ మధ్య గుక్కెడు నీళ్లో, మజ్జిగో, పల్చటి జావో ఇవ్వండి. ఆపరేషన్ అవసరం కావచ్చని డాక్టరు చెప్పి ఉంటే మాత్రం అడిగి ఇవ్వండి. రెండు గంటలకోసారి మూత్రానికి లేపండి. మూత్రసంచి నిండి ఉంటే బిడ్డ తల దిగడానికి అడ్డు, కాన్పయ్యాక గర్భసంచి ముడుచుకోవడానికీ అడ్డే. కానీ ‘దొడ్డికి వస్తున్నట్టుంది’ అంటే ఒంటరిగా పంపకండి, ముందు నర్సును పిలవండి. బిడ్డ తల కిందికి దిగి ఒత్తుతుంటే అలాగే అనిపిస్తుంది.

వెల్లకిలా పడుకోనివ్వకండి. గర్భం బరువు వెన్ను ముందున్న పెద్ద రక్తనాళం మీద పడి బీపీ దిగుతుంది, బిడ్డకు రక్తం తగ్గుతుంది. పక్కకు తిరిగి పడుకోవడం, నిలబడటం, చేతులూ మోకాళ్ల మీద వంగడం మేలు. ‘ముక్కమ్మా, ముక్కు’ అని మీరూ గొంతు కలపకండి. గర్భసంచి ముఖద్వారం 10 సెంటీమీటర్లూ తెరుచుకోకముందే ముక్కితే అది వాస్తుంది, ఆమె అలిసిపోతుంది. ఫోను మాత్రం బయట ఎవరికైనా ఇచ్చి లోపలికెళ్లండి.

ప్రశ్న: నొప్పులు సాగుతుంటే మా ఊరి ఆర్‌ఎంపీ ‘నొప్పుల సూది’ వేస్తానంటాడు. వేయించుకోవచ్చా?
— ఒక ఆశా కార్యకర్త, నల్గొండ జిల్లా

జవాబు: వద్దు. ఆ సూది ఆక్సిటోసిన్. నొప్పులు పెంచాల్సి వస్తే ఆసుపత్రిలో సెలైన్‌లో కలిపి, చుక్కలు లెక్కపెట్టి ఎక్కిస్తారు, ఎక్కువైతే ఆపేస్తారు. కండకు వేసింది వెనక్కి తీయలేం. నొప్పుల మధ్య విరామంలోనే మాయ ద్వారా బిడ్డకు ప్రాణవాయువు సరిగా అందుతుంది. సూదితో ఆ విరామం పోతే బిడ్డకు ఊపిరాడదు. పాత సిజేరియన్ కుట్టు ఉన్నవాళ్లకు, చాలా కాన్పులైనవాళ్లకు గర్భసంచి చిరిగే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇదే మందు బిడ్డ పుట్టాక 10 యూనిట్లు వేస్తే అధిక రక్తస్రావం కాకుండా కాపాడుతుంది. ప్రసవానికి ముందు కండకు వేయడమే ప్రాణాంతకం. బిడ్డ దిగడానికి పైనుంచి పొట్ట నొక్కడం కూడా అంతే చెడ్డ అలవాటు.

గర్భసంచి ముఖద్వారం గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలన్న పాత లెక్క పట్టుకుని తొందరపడటం కూడా తగదు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థే దాన్ని పక్కన పెట్టింది. 5 సెంటీమీటర్ల నుంచి పూర్తిగా తెరుచుకోవడానికి తొలికాన్పులో సాధారణంగా 12 గంటల్లోపు, మలికాన్పులో 10 గంటల్లోపు పడుతుంది. ఆ సమయమంతా బిడ్డ గుండెచప్పుడు వింటున్నారా లేదా అన్నది అడగండి. నిమిషానికి 110 నుంచి 160 ఉండాలి. నొప్పులప్పుడు 15–30 నిమిషాలకోసారి, ముక్కేటప్పుడు 5 నిమిషాలకోసారి వినాలి.

ప్రశ్న: మిడ్‌వైఫ్ అంటే పాతకాలం మంత్రసానేనా?
— ఒక డిగ్రీ విద్యార్థిని, విజయవాడ

జవాబు: కాదు. కేంద్రం 2018లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం నర్సింగ్ చదివినవారికి పైన 18 నెలల శిక్షణ ఉంటుంది. మామూలు కాన్పులు వాళ్లు సొంతంగా చూస్తారు, తేడా కనబడితే డాక్టరుకు అప్పగిస్తారు. సిజేరియన్ చేయరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. వీళ్ల అవసరం ఎంతో అక్కడే తెలుస్తోంది.

ప్రశ్న: బిడ్డ పుట్టగానే బొడ్డు కోయాలా?
— ఒక గర్భిణి, కర్నూలు

జవాబు: బిడ్డ ఏడ్చి ఊపిరి తీసుకుంటుంటే 1 నుంచి 3 నిమిషాలు ఆగి కోయమనండి. మాయలోని రక్తం బిడ్డకు చేరి, తర్వాతి నెలల్లో రక్తహీనత తగ్గుతుంది. ఊపిరి అందకపోతే మాత్రం ఆ ఆగడాన్ని పట్టుకుని కూర్చోరు, కోసి సాయం మొదలుపెడతారు. కోసిన బొడ్డు మీద పసుపు, నూనె, పౌడరు ఏదీ పెట్టకండి. పొడిగా ఉంచితే చాలు, అదే ఊడిపోతుంది.