కాడలో నుంచి కాడ వచ్చిందా చూడండి

"వీధిలో చెట్లను ఆకు చూసి గుర్తుపట్టడం ఎలా? నాకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి" అని అడిగారు. ఒక్క ఆకు తుంచి అరచేతిలో పెట్టుకుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. చిన్నప్పుడు నేనూ పొరబడ్డాను.

మాది నెల్లూరు, మూలపేట. నాకు పన్నెండేళ్లప్పుడు తమ్ముడికి అమ్మవారు పోసింది. పక్క మీద పరచడానికి వేపమండలు తెమ్మని అవ్వ పంపింది. పొద్దుగూకింది, దూరం పోవడానికి భయమేసి వీధి మలుపులో చెట్టు నుంచి ఒక మండ విరుచుకొచ్చాను. అవ్వకు అప్పటికే చూపు ఆనేది కాదు. కాడ వెంట వేళ్లు పోనిచ్చి, "ఇది యాప కాదురా అబ్బయా, తురకయాప. కాడలో నించి మళ్లీ కాడ వచ్చింది చూడు" అంది.

మరునాడు రెండు మండలూ పక్కపక్కన పెట్టి చూపించింది. వేపకు ఒకటే కాడ, దానికి రెండు వైపులా కొడవలిలా వంగిన రెబ్బలు, అంటే విడివిడి ఆకుల్లా కనిపించేవి. తురకవేపకు కాడ నుంచి పిల్లకాడలు పుడతాయి, రెబ్బలు వాటికి ఉంటాయి. అంచున రంపప్పళ్లు రెండింటికీ ఉన్నాయి, అందుకే మోసపోతాం. తురకవేప కాయలు విషం కాబట్టి పిల్లలున్న ఇళ్లలో ఈ తేడా తెలిసి తీరాలి.

అసలు మనం వేపాకు అని తుంచేది పూర్తి ఆకు కాదు, అందులో ఒక రెబ్బ. కాడ మొత్తం కలిపితేనే ఒక ఆకు. కాడ కొమ్మను పట్టుకున్న చోట చిన్న మొగ్గ ఉంటుంది, రెబ్బ మొదట్లో ఉండదు. ఇది పట్టుకుంటే చాలు, సగం చెట్లు వచ్చేసినట్టే. కానుగకు కాడకు ఐదో ఏడో నిగనిగలాడే రెబ్బలు, కొసన ఒంటి రెబ్బ. రావాకుకు పొడుగాటి తోక, గంగరావికి అంత తోక ఉండదు. సాయంత్రానికి రెబ్బలు ముడుచుకున్న పెద్ద చెట్టు కనబడితే అది నిద్రగన్నేరు కావచ్చు.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. కరెంటు తీగలకు అడ్డమని ఏటా చెట్ల తలలు నరికేస్తున్నారు. ఆ మోడు నుంచి వచ్చే చిగుళ్లకు ఆకులు మామూలు కంటే పెద్దవిగా వస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు వాటిని చూసి ఏం గుర్తుపడతారు? నాటేటప్పుడే తీగల కింద కాకుండా కాస్త పక్కకు నాటితే ఈ నరుకుడు ఉండదు కదా!

రాలిన ఆకును ఫొటో తీసి అడగకండి. కొమ్మకు ఉండగానే, కాడ మొదలు కనిపించేలా తీయండి.