అంటువ్యాధుల మోడలింగ్‌లో పోస్ట్‌డాక్ చేయడానికి ఎంబీబీఎస్ తప్పనిసరా?

తప్పనిసరి కాదు, గణితం, గణాంకశాస్త్రం, భౌతికశాస్త్రం, అర్థశాస్త్రం వంటి వాటిలో పీహెచ్‌డీ చేసినవారు కూడా ఈ పరిశోధనలోకి రావచ్చు. ఇక్కడ రోగికి చికిత్స చేయడం ఉండదు. ఒకరి నుంచి ఎందరికి వ్యాధి సోకుతుందో సమీకరణాల్లో రాసి, టీకాలకు పెట్టే ఖర్చుకు ఎంత ఆరోగ్యం దక్కుతుందో లెక్కగట్టాలి. ఉదాహరణకు, 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని మైక్రోస్కోపు కింద చూసిన రొనాల్డ్ రాస్ వైద్యుడే అయినా, దోమలన్నిటినీ చంపనక్కర్లేదని, వాటి సంఖ్యను ఒక హద్దు కన్నా తగ్గిస్తే మలేరియా దానంతటదే తగ్గిపోతుందని ఆయన తరువాత తేల్చింది గణితంతోనే. పోస్ట్‌డాక్‌ను పీహెచ్‌డీ పైన మరో డిగ్రీగా చాలామంది పొరబడతారు కానీ, అది పట్టా ఇచ్చే చదువు కాదు, జీతమో ఫెలోషిప్పో వచ్చే నిర్ణీత కాలపు పరిశోధన కొలువు.