ముఖ్యమంత్రి దగ్గరికి వెళ్తున్నావట

చిరంజీవి అబ్బులుకి, పెదనాన్న ఆశీస్సులు.

మురుగు కాలవ సంగతి చెప్పుకోడానికి ఊరి తరఫున అమరావతి వెళ్తున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. ఛాతీ ఉప్పొంగింది గానీ రాత్రి నిద్ర పట్టలేదురా.

ఆధార్ జిరాక్సు, అర్జీ కాపీలు పెట్టుకో. ఎవరైనా పార్టీ కండువా కప్పబోతే తప్పుకో.

మీ తాతగారూ ఇలాగే వెళ్లారు. అప్పటి ముఖ్యమంత్రి అర్జీ మీద ఆకుపచ్చ సిరాతో ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి సంతకం పెట్టారు. ఊళ్లో బాణసంచా కాల్చారు. జిరాక్సు తీసి రామాలయం గోడకి అంటించారు. ముఖ్యమంత్రే రాశాక ఇంకేం కావాలని ఎవరూ మళ్లీ ఏ ఆఫీసు గుమ్మమూ ఎక్కలేదు. ఆ రాత ఉత్తర్వు కాదురా! ఇంజినీరు అంచనా వెయ్యాలి, ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి, గవర్నరు పేరు మీద జీవో రావాలి, ఆపైన టెండరు. అసెంబ్లీ ఆమోదం లేకుండా ఖజానాలోంచి రూపాయి తియ్యడం ఎంతటి ముఖ్యమంత్రికైనా కుదరదు. వేసవిలో పంట కాలవలకి నీళ్లు కట్టేశారు, మళ్లీ నీళ్లొదిలేశారు, మురుగు కాలవలో గుర్రపుడెక్క మాత్రం కదల్లేదు. వానలకి నాట్లు ఊడ్చిన చేలన్నీ మునిగిపోయాయి. ముఖ్యమంత్రిని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ‘నువ్వే సరిగ్గా చెప్పుండవు’ అని మీ తాతగారి మీద పడ్డారు. పాపం, ఆయన టీ కొట్టు వైపు వెళ్లడమే మానేశారు. నా భయమంతా అదే.

మనవాళ్ల లెక్కలో ముఖ్యమంత్రి తలచుకుంటే కలెక్టరు ఉద్యోగమే ఊడుతుంది. బదిలీ చెయ్యగలరు, సస్పెండూ చేయించగలరు. ఐఏఎస్‌ని ఉద్యోగంలోంచి తీసెయ్యాల్సింది మాత్రం కేంద్రమే.

పైగా ధాన్యం మద్దతు ధర పెంచమని కూడా రాశావట, బుర్రుందా నీకు? అది ప్రకటించేది కేంద్రం. రాష్ట్రం మహా అయితే పైన బోనస్ ఇస్తుంది. 2011లో కోనసీమ రైతులు పంట వెయ్యకుండా క్రాప్ హాలిడే పెట్టినప్పుడూ ఈ ధర గొడవ ఉంది. ఆ పేరా కొట్టెయ్.

అలాగని ముఖ్యమంత్రి చేతిలో ఏమీ లేదనుకోకు. ఆయన పేషీ నుంచి ఒక్క ఫోన్ వెళ్తే అడుగునున్న ఫైలు పైకొస్తుంది. అందుకే ముందు డ్రైనేజీ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) చేత అంచనా వేయించి, ఫైలు నంబరు అర్జీలో రాయి. వచ్చే వేసవి పంట కాలవలకి నీళ్లు కట్టేసేలోగా అనుమతి ఇప్పించమను, చాలు. సంతకం పెట్టించుకుని వస్తే గోడకి అంటించనివ్వకు. మర్నాడే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఈఈ) ఆఫీసుకి పట్టుకెళ్లు.

మీ పెద్దమ్మ ముఖ్యమంత్రిగారికని ఆత్రేయపురం పూతరేకులు తెప్పించింది. సెక్యూరిటీ వాళ్లు లోపలికి పోనివ్వరే అంటే వినదు. దారిలో మీరే తినేయండి.

మీ పెదనాన్న